పెరటి మెట్టు

మార్ల్‌బీ ఊరి చరిత్రను లెనార్డ్ పాస్క్ నలభై రెండు పేజీల దాకా రాసుకొచ్చాడు. కమ్మరి కొలిమి ఉన్నచోట పెట్రోలు బంకు వచ్చింది. గోధుమ చేల మీదుగా నగరానికి రోడ్డు పడింది. చివరికి ఊరి పేరు బస్సు బోర్డు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇదంతా సాఫీగానే రాశాడు. నలభై మూడో పేజీ దగ్గర కలం మొరాయించింది. అది ఊరుమ్మడి పచ్చిక బయలు కథ.

ఆ పేజీ కోసమే హిల్డా ట్రెడ్‌గోల్డ్‌ను టీకి పిలిచాడు. ఎనభై మూడేళ్ల వయసులోనూ ఆమె గబగబా నడుస్తుంది. నాలుక అంతకంటే గబగబా నడుస్తుంది.

"ఏమోయ్ లెనార్డ్, నా ముక్కు పొడవు కూడా ఎక్కించావా నీ పుస్తకంలో?" అంది కోటు విప్పుతూ.

"దానికి వేరే పుస్తకం రాయాలి," అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

వాళ్ల చిన్నప్పుడు ఏటా వసంతంలో పాస్టరుగారు ముందు నడిచేవారు, ఊరంతా పొలిమేర వెంట తిరిగేది. శిలువ గుర్తు చెక్కిన ఒక్కో హద్దురాయి దగ్గర ఒక్కో కుర్రాణ్ణి పైకెత్తి, పిర్రలు రాతికి తగిలేలా కుదేసేవారు. ఆ నొప్పితో రాయి ఎక్కడుందో చచ్చేదాకా గుర్తుంటుందని పెద్దల నమ్మకం. పచ్చిక బయలు మూలరాయి దగ్గర లెనార్డ్ వంతు వచ్చింది. తొమ్మిదేళ్లవాడు, వణికిపోతున్నాడు. అతని భుజాలు పట్టుకున్నది హిల్డా తండ్రి ఏమస్. కుదేసే ముందు ఆయన తన టోపీ తీసి రాతి మీద పరిచాడు. "గట్టిగా ఏడువురా, లేకపోతే వీళ్లు నమ్మరు," అని చెవిలో చెప్పాడు.

పదిహేనేళ్ల తర్వాత ఇళ్లు కట్టే కంపెనీ ఒకటి బయలంతా తనదేనంది. రాయి అప్పటికే మాయమైంది. అదెక్కడుండేదో విచారణలో ఏమస్ చెప్పాడు. ఆయన మాటకు తోడుగా లెనార్డ్‌ను పిలిచారు. అప్పటికి లెనార్డ్‌కు జోన్‌తో పెళ్లి కుదిరింది. బయల్లో కట్టబోయే మూల ఇల్లు అతనికేనని కంపెనీ మనిషి ముందే చెవిన వేశాడు.

"నాకు గుర్తులేదండీ," అన్నాడు లెనార్డ్.

ఎవరో నవ్వారు. బయలు కంపెనీకి పోయింది. ఆనాటి నుంచి చనిపోయేదాకా ఊరు ఆయన్ని 'అబద్ధాల ఏమస్' అనే పిలిచింది.

"హిల్డా, ఇలా రా," అని లెనార్డ్ వంటింటి వెనక తలుపు తీశాడు. మెట్టు పక్కన దట్టంగా పెరిగిన గులాబీ కొమ్మల్ని చేత్తో తప్పించాడు. ముళ్లు గీరుకున్నాయి. మెట్టు రాతి అంచున చెక్కిన శిలువ గుర్తు కనపడింది. "ఆ మూలరాయినే కూలీలు పెకలించి మెట్టుగా వేశారు. కాపురానికొచ్చిన వారంలోనే చూశాను. చూసి, ఈ గులాబీ నాటాను."

నలభై ఏళ్లు జోన్ ఆ మెట్టు మీదే కూర్చుని బఠాణీలు ఒలిచింది. ఆమెకూ చెప్పలేకపోయాడు.

హిల్డా వంగి, శిలువ గీతల్లో వేలు పెట్టి తడిమింది.

"విచారణ నాడు మా నాన్న టోపీ గుర్తొచ్చిందా?"

"వచ్చింది."

"అయితే నిన్ను మెత్తగా దించడమే మా నాన్న చేసిన తప్పన్నమాట."

లెనార్డ్ కొమ్మల్ని ఇంకాస్త పక్కకు లాగి పట్టుకున్నాడు.

"గురువారం చర్చి హాల్లో నీ పుస్తకం చదువుతావుగా, ఇదీ చదువు," అంది హిల్డా. "మా నాన్నను చూసి నవ్విన వాళ్ల మనవలంతా వస్తారు. నేను చివరి వరసలో కూర్చుంటాను. నాకు వినపడాలి."

"నీకు కాస్త చెవుడు కదా, హిల్డా."

"అందుకే చెప్తున్నా."

లోపలికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది. వేరే పెడతానన్నా వినకుండా ఆమె ఆ చల్లటి టీనే చివరి చుక్కదాకా తాగి, కోటు తొడుక్కుని వెళ్లింది. ఆ కప్పు కడగడానికి అతనికి చాలాసేపు పట్టింది.

తర్వాత కూర్చుని నలభై మూడో పేజీ మొదలుపెట్టాడు. 'ఏమస్ ట్రెడ్‌గోల్డ్ నిజం చెప్పాడు. నేను చెప్పలేదు.'

పైకి చదువుకున్నాడు. గొంతు పక్కగదిలోకి కూడా వినపడేలా లేదు. లేచి నిలబడి, ఇంకాస్త గట్టిగా, మళ్లీ మొదటినుంచి చదివాడు.