రెండో తనిఖీ

మా కంపెనీ తయారుచేసే పంపులు ఆసుపత్రి మంచాల పక్కన స్టాండుకు తగిలించి ఉంటాయి. గంటకు ఎంత మందు వెళ్ళాలో నర్సు నంబరు నొక్కితే, పంపు సరిగ్గా అంతే మందును నరంలోకి పంపుతుంది. ఆ పంపు లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ రాసేది మా విభాగం. మొత్తం పదకొండు మందిమి. అందులో మెమరీ సంగతి చూసేది ఇద్దరమే: నేను, మేస్త్రి.

మేస్త్రి అంటే ఇటుకలు పేర్చే మనిషి కాదు. ఆ సిస్టమ్‌ను మొదటి వాక్యం నుంచి రాసిన ఇంజనీరు. ఎవరి కోడు చూపించినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "గోడ తూకం తప్పింది, మళ్ళీ కట్టు" అనేవారు. అందుకని ఆ పేరు పెట్టాం. ఎదురుగా మాత్రం సార్ అనే పిలిచేవాళ్ళం. అప్పటికి ఆయన పదవీ విరమణకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి.

ఒక సోమవారం ఉదయం బయటి పరిశోధకుడొకరి దగ్గర్నుంచి మాకు ఉత్తరం వచ్చింది. ఆయన మా పాత పంపు ఒకటి కొని, ఇంట్లో బల్ల మీద విప్పి చూశాడట. నెట్‌వర్క్ ద్వారా కొన్ని సందేశాలను ఒక వరసలో పంపితే, పంపు ఆయన చెప్పిన నంబరు ప్రకారం నడిచింది. తెర మీద మాత్రం నర్సు నొక్కిన నంబరే కనిపిస్తోంది. మూడు నెలల్లో సరిచేయండి, తర్వాత నేను అందరికీ చెప్పేస్తాను, అని మర్యాదగానే రాశాడు.

ఆ ఉత్తరం రెండో పేజీ చదివేసరికి ఎక్కడ తప్పు జరిగిందో నాకు వెతక్కుండానే తెలిసిపోయింది.

పన్నెండేళ్ళ క్రితం నేను ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో, బటన్ నొక్కాక తెర కదలడానికి చాలాసేపు పడుతోందని నర్సులు ఫిర్యాదు చేశారు. కారణం కనుక్కోమని నన్ను కూర్చోబెట్టారు. మెమరీలో ఏ చోటునైనా వాడేముందు సిస్టమ్ రెండుసార్లు ఆగి, "ఈ చోటు ఇంకా నీదేనా?" అని అడుగుతోంది. ఒకే ప్రశ్న రెండు సార్లెందుకని నేను మొదటిది తీసేశాను. కొంచెం వేగం పెరిగింది. ఆ ఊపులో రెండోదీ తీసేశాను. తెర చేప పిల్లలా కదిలింది. మొదటిది నిజంగానే అనవసరం. రెండోదానికి మాత్రం కారణం ఉంది. దాన్ని నేను ఎవరినీ అడగలేదు.

కొత్తవాళ్ళకు అసలు కోడులో మార్పులు చేర్చే హక్కు లేదు. నా మార్పును మేస్త్రి చదివి చేర్చాలి; ఆయన తెరిచి చూడకుండానే, నేను చెప్పింది విని తన పేరు మీద చేర్చారు. కాబట్టి రికార్డులో ఉన్నది ఆయన పేరే. నాకు ఆ ఏడాది విభాగం తరఫున ప్రశంసాపత్రం ఇచ్చారు. తెర వేగం పెంచినందుకని అందులో రాశారు తప్ప ఎలా పెంచానో రాయలేదు.

ఉత్తరం వచ్చిన మధ్యాహ్నమే కంపెనీ ఆసుపత్రులన్నిటికీ కబురు పంపింది. సరిచేసిన సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా పంపుల నెట్‌వర్క్ కేబుళ్ళు పీకేయండి, డోసులన్నీ చేత్తోనే నొక్కండి, అని. మా భాషలో దాన్ని తాత్కాలిక నివారణ అంటాం. అది రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

మా అక్క నర్సు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. మూడో రోజు డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు గుమ్మంలోనే వదిలేసి, కాళ్ళు పొట్టి బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"ముప్పై రెండు మంచాలు చిన్నీ," అంది. "ఇదివరకు కౌంటర్ దగ్గర కూర్చుని అన్ని పంపులూ చూసుకునేవాళ్ళం. ఇప్పుడు గంట గంటకీ ఒక్కో మంచం దగ్గరికెళ్ళి చూడాలి, కాగితం మీద రాసుకోవాలి. ఏ మహానుభావుడు చేశాడో గానీ."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"అసలు ఏమైంది దానికి?" అని అడిగింది అక్క.

"మీ వార్డులో ఏడో మంచం పేషెంటు డిశ్చార్జి అయ్యాడనుకో," అన్నాను. "ఆ మంచం ఇంకొకరికి ఇచ్చారు. కానీ పాత చీటీ ఒకరి చేతిలో ఉండిపోయింది. వాళ్ళొచ్చి, మంచం మీద ఎవరున్నారో చూడకుండా చీటీలో ఉన్న ఇంజెక్షన్ పొడిచేశారు. అదీ జరిగింది. కావాలనుకున్నవాడు ఆ చీటీ మీద తనకు నచ్చింది రాసి పంపొచ్చు."

అక్క నా వైపు విచిత్రంగా చూసింది. "అందుకే కదా పేరడిగి, చేతికి కట్టిన పట్టీ చూసి, అప్పుడు పొడుస్తాం. మొదటి రోజే నేర్పుతారు మాకు. మీకు నేర్పరా?"

"నేర్పుతారు," అన్నాను.

మర్నాడు విచారణ కమిటీ కూర్చుంది. గాజు గోడల గది. డైరెక్టరు, నాణ్యత విభాగం నుంచి ఇద్దరు, ఒక లాయరు, మేస్త్రి, నేను. గోడ మీద తెరలో ఆ పాత మార్పు పెద్దక్షరాల్లో కనిపిస్తోంది. పక్కన తేదీ. దాని పక్కన ఆయన పేరు.

"ఈ తనిఖీ ఎందుకు తీసేశారు?" అని అడిగాడు డైరెక్టరు.

మేస్త్రి నా వైపు చూస్తారనుకున్నాను. చూస్తే చెప్పేద్దామనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన చూడకూడదనే కోరుకున్నానేమో కూడా.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "తెర నెమ్మదిగా ఉందన్నారు. అనవసరం అనుకుని తీశాను. నా తప్పే," అన్నారు.

"ఈ మార్పులో మరెవరి ప్రమేయమైనా ఉందా?"

"లేదు."

లాయరు రాసుకుంది. నేను నా ముందున్న నీళ్ళ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాను. పదకొండు నిమిషాల్లో అయిపోయింది.

సరిచేసే పని నాకే అప్పగించారు. నాకంటే బాగా ఆ కోడు తెలిసినవారు ఆయనొక్కరే, ఆయన్ని కోడు ముట్టుకోవద్దన్నారు. నేను ఆ తనిఖీని మళ్ళీ పెట్టడంతో ఆగలేదు. మెమరీలో ఏ చోటు ఇచ్చినా దానికో టోకెన్ నంబరు ఇచ్చాను. చోటు ఖాళీ అయి ఇంకొకరికి వెళ్ళినప్పుడల్లా నంబరు మారిపోతుంది. పాత నంబరుతో ఎవరైనా వస్తే పంపు ఆగి, గంట కొట్టి, మళ్ళీ మొదలవుతుంది. మొదట్లో అలా మొదలవడానికి నలభై సెకన్లు పట్టేది. మందు మీద బతికే మనిషికి నలభై సెకన్లు చిన్న మాట కాదు. చివరి డోసు నంబరును విడిగా దాచిపెట్టే ఏర్పాటు చేసి, ఆ సమయాన్ని పదకొండు సెకన్లకు దించాను. మూడు వారాలు పట్టింది. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే, అది చేయాల్సి రావడానికి కారణమూ నేనే.

ఆ పరిశోధకుడు కొత్త సాఫ్ట్‌వేర్‌ను నాలుగు రోజులు తిప్పలు పెట్టి, ఇంక లొంగడం లేదని ఒప్పుకున్నాడు. డైరెక్టరు నన్ను ఆకాశానికెత్తేశాడు. ఎవరికీ హాని జరిగినట్టు ఆధారాలు లేవని కంపెనీ ప్రకటించింది. ఆ తప్పు పంపు తనలో నమోదు చేసుకునే లాగ్‌లో ఆనవాళ్ళేమీ వదలదు కాబట్టి, ఆధారాలు దొరికే వీలే లేదని ప్రకటనలో రాయలేదు.

మేస్త్రి ఆ నెలాఖరుకే వెళ్ళిపోయారు. గడువుకు ఏడు నెలలు ముందే. కేకు లేదు, ప్రసంగాలు లేవు. బల్ల సొరుగులోంచి ఒక స్కేలు, రెండు నోటు పుస్తకాలు తీసుకుని లిఫ్టు దాకా ఒక్కరే నడిచారు. కొత్తవాళ్ళకిచ్చే పుస్తకంలో సిస్టమ్ రూపకర్తగా ఉన్న ఆయన పేరును తర్వాతి ముద్రణలో తీసేశారు. ఆయన కుర్చీ నాకొచ్చింది.

ఆ కుర్చీలో తొమ్మిది రోజులు కూర్చున్నాక, డైరెక్టరు గదిలోకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"విచారణ నివేదిక వైద్య పరికరాల నియంత్రణ మండలికి వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు. "ఇప్పుడు మారిస్తే మనం మొదట అబద్ధం చెప్పామంటారు. పైగా ఆసుపత్రులకి నీ పేరు మీదే నమ్మకం కుదిరింది. ఇది నీకూ నాకూ మధ్యే ఉండనీ."

గోడకు చెప్పుకున్నా కాస్త తేలికయ్యేదేమో. ఇంటికెళ్ళి అక్కకు చెప్పాను. తను వింటూ తడి బట్టలు ఆరేస్తోంది. చివరి చొక్కాకు క్లిప్పు పెట్టి నా వైపు తిరిగింది.

"నా కాళ్ళ సంగతి వదిలెయ్," అంది. "ఆయన నీకోసం అబద్ధం చెప్పాడు. నువ్వు ఆ అబద్ధం మీద కూర్చుని అన్నం తింటున్నావు. మీ పెద్దాయన వినకపోతే ఆ పై పెద్దాయనకి చెప్పు. ఉత్తరం రాయడం రాదా నీకు?"

రాశాను. నియంత్రణ మండలికి, రెండు పేజీలు. రెండు తనిఖీలు తీసింది నేనని, ఆయన వాటిని చదవకుండా నా మాట మీద చేర్చారని, శిక్ష ఆయనది కాదని. పంపినరోజు నాకు చాలా వారాల తర్వాత ఆకలేసింది. ఐదు వారాలకు జవాబొచ్చింది. మీ సమాచారాన్ని నివేదికకు అనుబంధంగా చేర్చాము, తదుపరి చర్య అవసరం లేదని భావిస్తున్నాము, అని ఒక్క వాక్యం. నన్నెవరూ ఏమీ అనలేదు.

ఆ జవాబు కాపీ పట్టుకుని ఒక ఆదివారం పొద్దున మేస్త్రి ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. ఆయన భార్య తలుపు తీసి, నన్ను గుర్తుపట్టి, పక్కకు జరిగింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఒళ్ళో అదే కాగితం. ఆయనకూ ఒక ప్రతి పంపారట. దానికి నా రెండు పేజీలూ జతచేసి ఉన్నాయి.

"కూర్చో," అన్నారు.

కూర్చున్నాను. "సార్, ఆరోజే చెప్పాల్సింది. నన్ను కాపాడటానికి మీరు..."

"నిన్ను కాపాడానని ఎవరు చెప్పారు?"

నేను చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాను.

"నలభై ఏళ్ళు పనిచేశాను," అన్నారాయన. గొంతు పెంచలేదు. "తప్పులు రాశాను. రాయనివాడెవడు? రాసి తప్పు చేశాడంటే ఆ మనిషి పనివాడే. కానీ ఆ రోజు నేను నీ కోడు చదవలేదు. నీ మీద నమ్మకంతో కాదు. విసుగ్గా ఉంది, ఇంటికి పోవాలనిపించింది, చేర్చేశాను. అంతే. చదవకుండా చేర్చాడు అనిపించుకోవడం కంటే, తప్పు రాశాడు అనిపించుకోవడం నాకు మేలనిపించింది. ఉద్యోగం పోతే పోయింది. అదొక్కటి మిగుల్చుకుందామనుకున్నాను."

ఒళ్ళోని కాగితాన్ని వేలితో తట్టారు. "'వాటిని చదవకుండా.' నువ్వే రాశావు. మండలిలో ఉన్న నలుగురిలో ముగ్గురు నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు."

"నేను మీ మీద పడ్డ మచ్చ పోవాలని..."

"నీ బరువు దిగాలని రాశావు. తప్పు లేదులే. ఎవరి బరువు వాళ్ళు దించుకోవాలనే చూస్తారు. ఎక్కడ దించుతున్నామో చూసుకోవాలి."

ఆయన భార్య రెండు కప్పుల టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన ఒక కప్పు నావైపు జరిపారు. ఇద్దరం తాగాం. ఇంకేదైనా అంటారని చూశాను. ఆయన కిటికీలోంచి కింద సైకిల్ బాగుచేసుకుంటున్న ఎవరినో చూస్తున్నారు.

లేచాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. నేను చెప్పులు తొడుక్కుంటుంటే వంగి, మెల్లగా, కోపమేమీ లేకుండా అంది:

"ఇంక రాకమ్మా. నిన్ను చూసినప్పుడల్లా తను ఆ రోజు చదవకుండా చేర్చింది ఆయనకు గుర్తొస్తుంది."

సరేనండీ అన్నాను. మెట్లు దిగుతుంటే పైన తలుపు గడియ పడటం వినిపించింది.