దొర కందిలి

బుచ్చయ్య కందిలి చిమ్నీలోకి చెయ్యి దూర్చి, తడిగుడ్డకు బూడిద అద్ది మసి తుడుస్తున్నాడు. చెయ్యి పట్టే సందు కాదది. ఏళ్ళ తరబడి తుడిచీ తుడిచీ, వేళ్ళన్నీ దగ్గరికి ముడిచి లోపలికి పోనిచ్చే ఒడుపు వచ్చింది. గోళ్ళ కింద మసి ఇంకిపోయింది. భార్య నర్సింగమ్మ కుంకుడు నురగతో ఎంత రుద్దినా పోలేదు. "గీ చేతులతోనే ప్రభువు రొట్టె అందుకుంటవా?" అని ఆదివారం పొద్దున పోట్లాడేది.

కందిలి దొరది, మొయ్యడం బుచ్చయ్యది. మోత్కూరు చుట్టుపక్కల దొర ఎక్కడికి కదిలినా, చీకటి పడితే ముందు బుచ్చయ్య నడవాలి. తండ్రి దివిటీ పట్టాడు, కొడుకు కందిలి పట్టాడు. వెట్టిలో వాళ్ళింటికి జరిగిన బాగు అంతే. వెలుతురు దొర కాళ్ళ ముందు పడాలి కనుక చెయ్యి వెనక్కి చాపి పట్టుకోవాలి. తన కాళ్ళు మాత్రం తన నీడలోనే పోవాలి. ఎన్ని తుమ్మముళ్ళు దిగాయో ఆ పాదాలకే తెలుసు.

ఒక్క ఏడాది ఆ పీడ తప్పింది. వెట్టికి ఎదురు తిరిగిన సంగానికి జడిసి దొర పట్నం పారిపోయిన ఏడాది. గొల్ల బీరన్న కొడుకు సైదులు భుజాన సంగం తుపాకీతో గుడిసె ముందుకొచ్చి నిలబడ్డాడు. "మామా, ఇగ వెట్టి లేదు. కందిలి నీ ఇంట్లనే పెట్టుకో," అన్నాడు. అంతవరకూ మూతిమీద మీసం రాని పోరగాళ్ళకు కూడా అతను 'ఒరే బుచ్చిగా'నే. మామా అన్న మొదటివాడు సైదులు.

ఆ ఏడాది కందిలి గుడిసె నడిమి గుంజకు, నిట్టాడికి వేలాడింది. రాత్రి అన్నంలో రాయి కంటికి కనబడటం నర్సింగమ్మకు అదే మొదలు. "అయ్యో, గిన్ని రాళ్ళు తిన్నమా ఇన్నొద్దులు!" అని నవ్వి నవ్వి ఏడ్చింది. మాలపల్లెలో దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళంతా ఆ వెలుతురులోనే ప్రార్థనకు కూర్చునేవాళ్ళు. దేవుడంటే వెలుగు, పాపమంటే చీకటి అని పాస్టరయ్య చెప్పేవాడు. అది వింటూ బుచ్చయ్య, ఇన్నాళ్ళూ దేవుణ్ణి మోసుకెళ్ళి దొర కాళ్ళ ముందు పెట్టానే అని కుమిలిపోయేవాడు.

తర్వాత యూనియన్ మిలటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోతే దొరతనం పోతుందనుకున్నారు పిచ్చివాళ్ళు! లారీల దుమ్ము అణగకముందే సంగపోళ్ళు గుట్టలు పట్టారు, దొర వచ్చి గడి తలుపులు తీశాడు. కందిలి మళ్ళీ బుచ్చయ్య చేతికొచ్చింది.

ఆ పొద్దున చిమ్నీ బిగించి, నూనె నింపి గడికి పోయేసరికి దొర అరుగు మీద ఉన్నాడు. పక్కన పోలీసు జమేదారు.

"ఒరే బుచ్చిగా, సైదులుగాడు కాలుకు తూటా తాకి గుట్ట మీద వాళ్ళయ్య గొర్ల దొడ్డిల పండుకున్నడట. పొద్దుగూకంగనే సాబుకు తోవ చూపియ్యాలె. అందాక ఈడికెల్లి కదలకు."

"బాంచెన్ దొరా," అన్నాడు బుచ్చయ్య. నోటికి వచ్చిన మాట అదొక్కటే.

పగలంతా గడి గోడవారన కూర్చున్నాడు. ఎదురుగా తుపాకీ పట్టుకుని పోలీసు. గుట్ట మీదికి కబురు పంపే దారి లేదు. మూడో జాముకు పాస్టరయ్య వచ్చాడు. నలుగురు కూడి ప్రార్థన చేసుకోవాలన్నా ఇప్పుడు దొరను అడగాలి. తిరిగి పోతుంటే బుచ్చయ్య లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, దీపం ఆర్పుడు పాపమా?"

పాస్టరయ్య పోలీసు వైపు చూశాడు. "ఇప్పుడవన్నీ ఎందుకు బుచ్చయ్యా? ఆదివారం మాట్లాడుకుందాం," అని గబగబా వెళ్ళిపోయాడు. పాపం, ఆయనకూ పిల్లలున్నారు.

పొద్దుగూకింది. అమాస దినాలు. బుచ్చయ్య ముందు, జమేదారు వెనుక, ఆ వెనుక పోలీసులు. గుట్టెక్కే తోవ గుండ్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతుంది. అది తెలిసినవాళ్ళకే తోవ. తెలియనివాళ్ళకు ఉత్త రాళ్ళు. చెయ్యి వెనక్కి చాపి, అలవాటుగా తన నీడలో తను నడిచాడు. సైదులు 'మామా' అన్నది చెవుల్లోనే ఉంది. మలుపు తిరిగితే దొడ్డి.

'దేవా, గిది పాపమైతే నా ఒక్కని మీదనే ఎయ్యి,' అనుకున్నాడు. బొటనవేలితో మర తిప్పి వత్తి కిందికి దించేశాడు. జీవితంలో అతను దొర మాట కాదన్నది ఆ ఒక్కసారే.

చీకటి కమ్మేసింది. పోలీసులు ఒకరి మీద ఒకరు పడ్డారు. జమేదారు తిట్లకు పైన గొర్ల కుక్కలు లేచి ఒకటే మొరుగుడు. దొడ్డి తడిక కిర్రుమంది. అవతలి వాలులోకి రాళ్ళు దొర్లిన చప్పుడు దూరమైంది. బుచ్చయ్య కందిలి కింద పెట్టి, ఆ చప్పుడును పూర్తిగా విన్నాడు. "హమ్మయ్య" అన్నాడు. వెనుక నుంచి తుపాకీ పేలింది.

తెల్లారి బీరన్నా అతని భార్యా శవాన్ని మంచం మీద మోసుకొచ్చి గుడిసె ముందు దించారు. పక్కన కందిలి పెట్టారు. సైదులు దొరకలేదని బీరన్న భార్య నర్సింగమ్మ చెవిలో చెప్పి, ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఊరికి మాత్రం గడి నుంచి చాటింపు వచ్చింది: సంగపోళ్ళు దీపాన్ని చూసి కాల్చారు, బుచ్చిగాడు చచ్చాడు.

నర్సింగమ్మ కందిలి తీసి ఊపింది. లోపల నూనె కదిలింది. చిమ్నీ ఎక్కడా పగలలేదు, నిన్న తుడిచినట్టే తళతళలాడుతోంది. వత్తి మాత్రం అడుగు దాకా దిగి ఉంది. మర మీద మసి వేలిముద్ర.

ఆమె దాన్ని తుడవలేదు. కందిలిని తీసుకుపోయి నిట్టాడికి, ఆ ఏడాది వేలాడిన చోటే, వత్తి అట్లాగే ఉంచి తగిలించింది.