పాత బేరింగులు

ఇంజన్ విప్పకముందే మేస్త్రీకి రోగం తెలిసిపోయింది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం అతని పద్ధతి. కంప్యూటర్లు చెప్పేవన్నీ అతనికి కాకమ్మ కబుర్లు.

బేరింగులు పోయాయి. పోక ఏం చేస్తాయి? మేస్త్రీ అన్నయ్య తన ఇంటి ముందు ఈ కారు ఆపుతూనే సీట్లో ప్రాణం వదిలాడు. ఆ ఏడుపుల్లో ఇంజన్ ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆయిలంతా కారిపోయినా అది తిరుగుతూనే ఉంది.

మేస్త్రీకి అంతుపట్టనిది మాత్రం ఆ చప్పుడు. పోయిన బేరింగు ఒకే వరసన కొట్టుకుంటుంది. ఇది రెండుసార్లు కొట్టి, ఆగి, ఇంకోసారి కొడుతోంది. అన్నయ్య ఇంటికొస్తే తలుపు అలాగే కొట్టేవాడు.

"విన్నావుగా," అంది పక్కనే నిలబడ్డ వదిన. "ఏం మార్చుకుంటావో మార్చుకో. ఆ చప్పుడు మాత్రం పోకూడదు."

"అదుంటే నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసి ఆగిపోతుంది వదినా. వెనకే లారీ వస్తుంటే?"

"ఏముంది, మీ అన్నయ్య దగ్గరికి పోతాను."

ఆవిడ నవ్వుతూ అన్న ఆ మాట మేస్త్రీకి బొత్తిగా నచ్చలేదు. తల్లి లేని తనకి అన్నం కలిపి పెట్టి పెంచిన మనిషి. అన్నయ్యెటూ పోయాడు, ఈవిడ కూడా పోతే తట్టుకోలేడు. అందుకే "సరే" అని పచ్చి అబద్ధం ఆడాడు.

ఆ బేరింగుల్లో తిరిగి అరిగిన క్రాంకు ఇరుసుని సాన పట్టించాడు. దానికి సరిపడే మందం బేరింగులు, పిస్టన్లు, రింగులు, ఆయిలు పంపు అన్నీ కంపెనీవే కొన్నాడు. చవక రకం చూపించబోయిన కొట్టువాడికి నాలుగు చీవాట్లు కూడా పెట్టాడు. పాత బేరింగులు పారెయ్యడానికి చెయ్యి రాక, రేకు డబ్బాలో వేసి షెడ్డు మూల పెట్టాడు.

పని పూర్తయిన రోజు మధ్యాహ్నం వదిన వచ్చింది. ఇంజన్ హాయిగా తిరుగుతోంది. ఆవిడ స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది.

"పంపించేశావా?" అంది.

మేస్త్రీ ఇంజన్ ఆపి తాళాలు జేబులో వేసుకున్నాడు.

"నువ్వు బతకాలి వదినా."

షెడ్డు మూల నుంచి చప్పుడైంది. రెండుసార్లు. ఆగి, ఇంకోసారి.

మేస్త్రీ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. వదిన మాత్రం "వస్తున్నా, వస్తున్నా, అంత తొందరేమిటి?" అని, రోజూ మొగుడికి తలుపు తీసేటప్పటిలాగే విసుక్కుంటూ వెళ్లి రేకు డబ్బా ఎత్తుకుంది. తెచ్చి డ్రైవరు సీట్లో పెట్టింది. చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"వదినా, దిగు. నీకు దణ్ణం పెడతా, దిగు."

ఆవిడ అద్దం దించింది. ఇన్నాళ్లకి ఆ మొహంలో కళ కనిపించింది.

"ఇంజన్ బాగా చేశావురా. ఇంక దారిలో ఎక్కడా ఆగదు."

కారు స్టార్టయి మెల్లగా కదిలింది. మేస్త్రీ జేబు తడుముకున్నాడు. తాళాలు అందులోనే ఉన్నాయి.