చపుంగన్ పిల్లలు

సాబ్దిన్‌ని వాళ్ల అత్త రుకిబా పొద్దున్నే ఇంట్లోంచి తరిమేసింది. లోపల భార్య మస్నియా నొప్పులు పడుతోంది. ఊళ్లో సగం మందికి పురుడు పోసిన చెయ్యి రుకిబాది. అయినా అల్లుడు గుమ్మంలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే ఆవిడకి చిరాకెత్తింది.

"నీళ్లు కాగాయా అత్తా?"

"కాగాయి. ఎన్నిసార్లు అడుగుతావు? పోయి నీ చేపల్ని చూసుకో నాయనా. వాటిల్లో మగాడు పిల్లలు బయటపడేదాకా నోరు మూసుకునే ఉంటాడు."

ఇల్లు సముద్రంలో గుంజలు పాతి కట్టినది. నిచ్చెన దిగి నడుంలోతు నీళ్లలో నిలబడ్డాడు. అద్దాల తొట్లలో పెంచే చేపలు కొనే షావుకారు పడవ వచ్చేదాకా పట్టిన చపుంగన్‌లన్నీ అక్కడే వలగూట్లో ఉంటాయి. బొటనవేలంత చేపలు, వెండి ఒంటి మీద నల్లపట్టీలు. అందులో ఒక మగచేప చాలా రోజులుగా మేత ముట్టలేదు. గుడ్లు నోట్లో పెట్టుకుంది. పిల్లలయ్యాక కూడా వదల్లేదు. దవడ ఉబ్బిపోయి ఉంది.

పైన మస్నియా మూలిగింది. అతని చేతులకి ఏదో ఒక పని కావాలి. గూడు తాడు విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఆ కుదుపుకి మగచేప బెదిరి నోరు తెరిచింది. గోరంత కూడా లేని పిల్లలు పొగలా బయటికొచ్చాయి. బయటైతే, ఒళ్లంతా సూదులుండే ముళ్లబంతి జీవాల మధ్యకి దూరి బతికేవి. గూట్లో దాక్కునే చోటేదీ? పక్క చేపలు అప్పుడే మింగడం మొదలెట్టాయి.

గుంజ మొదట్లో ఇసుక మీద ముళ్లబంతులు, నల్లటి సూదుల పొదుల్లా ఉన్నాయి. రోజూ వాటిని కర్రతో పక్కకి నెట్టేవాడు. ఇప్పుడు కర్ర వెతకలేదు. మునిగి, ఒకదాన్ని కుడిచేత్తోనే ఎత్తి గూట్లో పడేశాడు. మిగిలిన పిల్లలు ముళ్లలోకి దూరాయి. అరచేతిలో విరిగిన ముళ్లు భగ్గుమంటున్నాయి.

అంతలో పైన బిడ్డ ఏడుపు.

నిచ్చెనెక్కేసరికి చెయ్యి వాచిపోయింది. రుకిబా గుడ్డలో చుట్టిన బిడ్డతో ఎదురొచ్చింది.

"ఆడపిల్ల. చేతులు చాపు... ఏమిటా చెయ్యి?"

"ముళ్లబంతిని పట్టుకున్నా."

"ఇవాళే కుదిరిందా నీకు, దాన్ని పట్టుకోడానికి?"

లోపల్నుంచి మస్నియా నీరసంగా నవ్వింది. "పిల్లని నాకియ్యమ్మా. ఆయన చేతికి నిమ్మకాయ పిండు."

చెయ్యి మండుతున్నా సాబ్దిన్ కూర్చోలేదు. "ఒక్కసారి కిందికెళ్లి చూసొస్తానే. ఎన్ని మిగిలాయో."

"ముందు దీన్ని చూడు," అంది మస్నియా.

అప్పుడు కూర్చున్నాడు.

మిగతా చేపల్ని తర్వాతొచ్చిన పడవకి ఇచ్చేశాడు. ఆ మగచేపని, పిల్లల్ని మాత్రం ముళ్లబంతితో సహా ఇంటి కింద వదిలాడు. తండ్రిచేప వెంటనే మేత వెతుక్కోడానికి పోయింది.