అమ్మ చెయ్యి పెట్టిన కుప్ప

తన విత్తనపు అల్లం కుప్ప చూడమని ఈరయ్య కాక వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కుడి అరచేయి కాచుకుంటోంది. ఎండలు మండుతున్న ఏప్రిల్‌లో ఇదేం పని అని నేను అడగలేదు.

మా ఊరు చిరాగ్‌పల్లిలో నాటేదాకా విత్తనాన్ని నీడలో గడ్డి కప్పి దాస్తారు. లోపల కుళ్లు మొదలైతే కుప్ప వేడెక్కుతుంది. మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ వేడిని పసిగట్టడంలో మా అమ్మ పార్వతమ్మకు ముప్పై ఏళ్ల పేరు.

"నీ బిడ్డ పట్నంల గదే పని చేస్తదట గద అక్కా?" దారిలో ఈరయ్య కాక నవ్వాడు. "మిషిన్ తెచ్చినవా బిడ్డా?"

"మా మిషిన్‌ది ఆకాశంల పని కాకా," అన్నాను.

హైదరాబాద్‌లో మేం ఉపగ్రహం నుంచి నేల వేడిని చూసే పరారుణ డిటెక్టర్లను పరీక్షిస్తాం. అది వేల చుక్కలున్న చిన్న పలక. ప్రతి చుక్కా తన ముందున్న వేడిని చెబుతుంది. అంతరిక్షంలో ఏళ్ల తరబడి తగలబోయే రేడియేషన్‌ను కొన్ని గంటల్లోనే దానికి తగిలిస్తాం. కొన్ని చుక్కలు చల్లని దాన్నీ వేడి అంటాయి. కొన్ని మూగబోతాయి. పలకను కాస్త వెచ్చబెడితే కొన్ని కోలుకుంటాయి. కోలుకోనివాటిని జాబితాలో రాసి, వాటి చోట పక్క చుక్కలు చెప్పింది నింపుతాం. పలక అట్లాగే ఏళ్లు నెట్టుకొస్తుంది.

అమ్మ కళ్లు మూసుకుని కుప్పలోకి చెయ్యి పంపింది.

"సల్లగున్నది ఈరయ్యా. ఫికర్ చెయ్యకు."

గడ్డి సర్దుతూ అదే చోట నేనూ చెయ్యి పెట్టాను. అప్పుడే వార్చిన అన్నంలో పెట్టినట్టుంది. ఈరయ్య కాక ముందు అమ్మను కాదనలేక గడ్డి కప్పేశాను.

ఇంటికొచ్చాక, కుప్ప వేడిగా ఉంది కదా అని అడిగాను. అమ్మ అరచేతిని తిప్పి చూసుకుంది.

"షుగర్ వచ్చినంక రెండేండ్ల సంది చేతికి వేడి తెలుస్తలేదు. పొయ్యికాడ కాస్తే జర తెలుస్తుండె. ఇప్పుడు అదీ లేదు."

"మరి ఎట్ల చెప్తున్నవమ్మా?"

"పక్కోళ్ల కుప్పలెట్లున్నయో అడుగుత. అవి సల్లగుంటే ఇదీ సల్లగనే ఉంటదనుకున్న."

మేమూ అదే చేస్తాం. కానీ ఏ చుక్క పోయిందో అందరికీ తెలిసేలా రాసిపెడతాం.

"కాకకు చెప్పాలె అమ్మా."

"చెప్తే మళ్ల నన్నెవరు పిలుస్తరే?"

 అంటూనే కొంగు సవరించుకుని, ఈరయ్య కాక దగ్గరికి తనే ముందు నడిచింది.

అమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కుప్ప విప్పితే నడుమంతా నల్లగా నీరుకారుతోంది.

"చేతికి తెల్వకుంటే నోరన్నా ఉండాలె గద అక్కా!" అన్నాడు ఈరయ్య కాక.  అయినా ఆయనే వెళ్లి గోనెసంచి తెచ్చి అమ్మ ముందు పరిచాడు.

అమ్మ కూర్చుని, మంచి ముక్కలు ఏరబోయింది. ఒకటి నొక్కి చూసింది, మళ్లీ నొక్కింది. మెత్తగా ఉందో గట్టిగా ఉందో తెలియలేదు. దాన్ని నా చేతిలో పెట్టింది.

"గట్టిగుంది," అన్నాను.

అమ్మ దాన్ని సంచి మీద పెట్టి, ఇంకొకటి అందించింది.