విప్పిన కుట్లు

రెక్క అడుగున కుట్లు ఎవరో విప్పి మళ్లీ కుట్టారని దర్జీ ఆవిడకు చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. తన ముడి తనకు తెలియదా? ఇది వేరే చేతి ముడి.

ఊరి చివర పాత గోదాములో, సెలవురోజుల్లో కొందరు చేరి ఆ విమానం కడుతున్నారు. తాతల కాలంలో ఎగిరిన, రెండంతస్తుల రెక్కల విమానం. అసలుది ఎప్పుడో కూలి ముక్కలైంది. అచ్చం అలాంటిదే చేసి, బొమ్మలా నిలబెట్టకుండా నిజంగా ఎగరేయాలని వాళ్ల పంతం. జీతంభత్యం లేని చాకిరీ. రెక్కల కర్రపని ఆవిడ అన్నయ్యది, ఆ కర్రలమీద గుడ్డ కుట్టే పని ఆవిడది. ఇంజను పని కొత్తగా చేరిన మెకానిక్‌ది. అడిగితే తప్ప నోరు విప్పడని అతన్ని చాటుగా ‘మూగనోము’ అనేవారు.

“ఇంకెవరు, వాడే!” అన్నాడు అన్నయ్య. “అందరికంటే ముందొస్తాడు, అందరూ వెళ్లాక పోతాడు.”

“రెక్కతో అతనికేం పనన్నయ్యా?”

“నేనడిగేదీ అదే. ఏం పని?”

అప్పటినుంచి అందరి కళ్లూ అతనిమీదే. అతను రెక్క కిందికి వంగితే మాటలు ఆగిపోయేవి. అంతలో ఇంకోచోట కుట్లు విప్పి మళ్లీ కుట్టినట్టు కనిపించింది.

“ఇందులో ఎక్కేది నేను. సంగతి తేల్చకపోతే ఎక్కను,” అంది పైలటమ్మ.

“నీ సంచీ చూపించు,” అన్నాడు అన్నయ్య, అందరిముందూ.

మెకానిక్ సంచీని బల్లమీద బోర్లించాడు. పానాలు, మసిగుడ్డ, అన్నం డబ్బా. మళ్లీ సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అన్నయ్య తాళం మార్చి, కొత్త తాళంచెవులు తన దగ్గరొకటి, చెల్లెలి దగ్గరొకటి ఉంచాడు.

అతను పోయిన తర్వాత కూడా కుట్లు ఊడాయి.

దర్జీ ఆవిడ తన తాళంచెవి తీసి చూసుకుంది. తాళంచెవులు రెండే. తను విప్పలేదు. ఒక పనిరోజు మధ్యాహ్నం గోదాముకు వెళ్లింది. రెక్క కింద అన్నయ్య వెల్లకిలా పడుకుని, టార్చి వేసి లోపలికి చూస్తున్నాడు. పక్కన ఆవిడ దారపు ఉండ.

“ఏంటన్నయ్యా ఇది?”

అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత టార్చి ఆమె చేతికిచ్చాడు. లోపల కర్రల అతుకు దగ్గర జిగురు పొడిపొడిగా రాలుతోంది.

“నేను పెట్టిన జిగురు పాడైంది. కొన్ని అతుకులు గట్టిగానే ఉన్నాయి, కొన్ని లేవు. ఏవి లేవో చూసుకుంటున్నా.”

“మరి అతన్నెందుకు దొంగని చేశావు?”

“నోరు జారింది. వెనక్కి తీసుకోలేకపోయా.”

“తీసుకోలేకపోయావా, తీసుకోబుద్ధి కాలేదా?”

అన్నయ్య తల దించుకున్నాడు. “ఎవరికీ చెప్పకమ్మా. గుట్టుగా సరిచేస్తా.”

ఆమె కత్తెర తీసుకుని, నెలల తరబడి కుట్టిన గుడ్డను ఈ కొసనుంచి ఆ కొసదాకా చీల్చేసింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

అన్నయ్య అందరిముందూ ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే అన్నాచెల్లెళ్లు మెకానిక్ ఇంటికెళ్లారు. అతను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు.

“వస్తా. కానీ ఇకమీద ప్రతి అతుకూ నేను లాగి చూస్తా,” అన్నాడు.

“చూడు బాబూ,” అన్నాడు అన్నయ్య.

రెక్కలు మళ్లీ మొదలుపెట్టారు. అన్నయ్య అతికించినదాన్నల్లా మెకానిక్ లాగి చూసేవాడు. రెండుసార్లు ఊడిపోయింది కూడా. అన్నయ్య మళ్లీ జిగురు కలిపి అతికించాడు.

వానలు తగ్గాక విమానం లేచింది. మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి, నేలమీద రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. అందరూ పైలటమ్మ దగ్గరికి పరుగెత్తారు. మెకానిక్ మాత్రం నేరుగా రెక్క దగ్గరికెళ్లి గుడ్డమీద చెయ్యి ఆనించాడు.

“బావుందా?” అడిగాడు అన్నయ్య, వెనకాలే వచ్చి.

“ఉండండి, చూస్తున్నా,” అన్నాడతను. తల మాత్రం ఎత్తలేదు.