రెండు పుస్తకాల్లో లేని చెయ్యి

అక్షరాలు నాకు అరవై దాటాక పట్టుబడ్డాయి. వత్తులు తప్పుతాను, దీర్ఘాలు మరిచిపోతాను, ఒక్క పేజీ రాసేసరికి పొద్దు వాలిపోతుంది. మన్నించి చదువుకోండి. ఇది నా సంగతే. కానీ "నేను" అని మొదలుపెడితే చెయ్యి కదలడం లేదు. ఇందులో వచ్చే రెండు పుస్తకాల నిండా "నేను"లే. వాటికి తోడు నాదొకటెందుకు? అందుకని "ఆవిడ" అనే రాస్తున్నాను.

ఆవిడ మొగుడు రాక్ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. బ్యాండులో ముగ్గురు. పాడేవాణ్ణి జులపాలు అనేవారు, భుజాల దాకా జుట్టుండేది. గిటారు వాయించేవాణ్ణి తీగ అనేవారు, అంత సన్నగా ఉండేవాడు. ఇప్పుడు ఒకడికి బట్టతల, ఒకడికి బొజ్జ. పేర్లు మాత్రం వదలకుండా వేలాడుతున్నాయి. వాళ్ళ పాట ఒకటి ఊరూరా మోగింది. ఆ బాణీ నాదంటే నాదని ఇద్దరూ కొట్టుకుని మొహాలు చూసుకోవడం మానేశారు. మధ్యలో ఉన్నవాడు డ్రమ్ములు మూలపెట్టి గోడౌనులో పనికి కుదిరాడు. ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై, ఆస్పత్రిలో పోయాడు. కూతురు అప్పటికి హాస్టల్లో ఉంది, పరీక్షలు రాస్తోంది. వచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.

"నాన్న చివరికి ఏమన్నాడమ్మా?" అని అడిగింది.

"ఏమీ అనలేదు" అంది ఆవిడ.

ఆ తరువాత కూడా ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఇన్నేళ్ళకి జులపాలు తన బ్యాండు రోజుల గురించి పుస్తకం రాశాడు. కూతురు కొనుక్కొచ్చి పైకి చదువుతుంటే, ఆవిడ చొక్కాకి బొత్తాలు కుడుతూ వింది. బ్యాండు పుట్టింది కాలేజీ మెట్ల మీదట. నిజమో కాదో ఆవిడకి తెలీదు, అప్పటికి ఆవిడకి పెళ్ళి కాలేదు. పేరు పెట్టింది ఆయనేనట, బాణీ కట్టిందీ ఆయనేనట. "పోనీలే, వర్షాలు కురిపించింది కూడా వాడే" అని ఆవిడ నవ్వింది. ఆస్పత్రి మాట వచ్చేసరికి కూతురు గొంతు సర్దుకుని, రెండు కాగితాలు కలిపి తిప్పేసింది. చదువు రానివాళ్ళకి అక్షరాలు కనపడవు గానీ కాగితాలు కనపడతాయి.

"ఏమిటే మింగేశావు?"

"ఏం లేదు, ఫొటోలు."

"ఫొటోలైతే చూపించు."

"రేపు చూద్దువుగానీ, కళ్ళు లాగుతున్నాయి."

లైబ్రరీలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే తరగతికి ఆవిడ అప్పటికే వెళ్తోంది. మర్నాడు కూతురు ఆఫీసుకి వెళ్ళాక ఆ పేజీ తీసి, అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "అతని భార్య మందుల కోసం బయటికి వెళ్ళింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. నా చెయ్యి పట్టుకుని, పాట ఆపకు మిత్రమా అన్నాడు. ఆ చెయ్యి నా చేతిలోనే చల్లబడింది."

కొత్త చదువు కదా, తప్పు చదివానేమో అనుకుంది. మళ్ళీ చదివింది. తప్పు చదవలేదు.

ఆ సాయంత్రం కూతురు చెప్పులు విప్పుతూనే బల్ల మీద పుస్తకాన్ని చూసింది. "చదివేశావా?"

"చదివాను."

"ఒక్క మాట అడగనా అమ్మా? అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటానే? మీ నాన్న పక్కనే."

"నాన్న ఏమీ అనలేదన్నావు. ఈయన అన్నాడని రాశాడు. పక్కనే ఉంటే నీకూ వినపడేది కదా."

"వాడు అబద్ధం రాశాడు."

"సరేలే" అంది కూతురు.

పోట్లాడినా బాగుండేది. ఆ "సరేలే" చేపముల్లులా గొంతులో దిగబడిపోయింది, మింగడానికీ కక్కడానికీ లేకుండా.

కొన్నాళ్ళకి తీగ పుస్తకం కూడా వచ్చింది. ఇందులో బ్యాండు పుట్టింది మెట్ల మీద కాదు, గ్యారేజీలో. పేరు పెట్టింది తీగ, బాణీ తీగది. ఆస్పత్రి పేజీలో, భార్య అలిసిపోయి ఇంటికెళ్ళి పడుకుందట. స్నేహితుడు తీగ చెయ్యి పట్టుకుని "వాణ్ణి క్షమించు" అని కళ్ళు మూశాడట. ఆవిడ మొగుడు జన్మలో అలాంటి నీతివాక్యం పలికి ఎరగడు.

"అన్నిట్లోనూ ఎడ్డెమంటే తెడ్డెమనేవాళ్ళు, నువ్వు అక్కడ లేవన్న దాంట్లో మాత్రం కలిశారమ్మా" అంది కూతురు. కోపంగా అనలేదు. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది.

ఆవిడ బస్సెక్కి జులపాలు ఇంటికి వెళ్ళింది. గోడల నిండా పాత పోస్టర్లు, వాటి కింద సోఫాలో మెడకి మఫ్లరు చుట్టుకుని జులపాలు.

"రా వదినా! పుస్తకం ఎవరిచేతైనా చదివించుకున్నావా?"

"నేనే చదివాను."

"నువ్వా! చదువెప్పుడొచ్చింది?"

"ఆలస్యంగానే వచ్చిందిలే. ఆ రోజు నువ్వెక్కడున్నావురా?"

నవ్వు ఆగిపోయింది. మఫ్లరు కొస వేలికి చుట్టుకున్నాడు. "పొరుగూళ్ళో ప్రోగ్రాం. నీకు తెలుసుగా."

"మరి?"

"నువ్వే కదా వదినా చెప్పావు! అంతా అయిపోయాక మీ ఇంటికొచ్చి ఏడుస్తుంటే, 'నీ చెయ్యే అనుకుని నా చెయ్యి పట్టుకున్నాడురా, నువ్వొచ్చావనుకునే పోయాడు' అన్నావు. ఆ మాట ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పానో. చెప్పగా చెప్పగా ఆ మంచం, ఆ నీలం దుప్పటి కళ్ళకి కట్టినట్టు కనపడుతున్నాయి. ఇప్పుడు నేను లేనని ఎలా అనుకోమంటావు?"

"దుప్పటి లేదు. ఉక్కపోస్తోందని తీసేశాను."

జులపాలు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమే. వాటిలోనూ అబద్ధముంటే ఆవిడకి తేలికయ్యేది.

తీగది గిటార్లు బాగుచేసే ఇరుకు కొట్టు. ఆవిడ చెప్పింది తల వంచుకుని విన్నాడు. "నాకూ అదే చెప్పావు వదినా. వాడు ఉన్నానని రాస్తే, నేను లేనని రాసుకోనా? జనం ఏమనుకుంటారు?"

"నేను ఇంటికెళ్ళి పడుకున్నానని ఎందుకు రాశావు?"

"ఏదో ఒకటి రాయాలి కదా. నువ్వుంటే..." ఆగాడు. "నువ్వుంటే ఇంక నేనెందుకక్కడ?"

"మళ్ళీ అచ్చేసేటప్పుడు దిద్దు."

చేతిలోని కటింగ్ ప్లేయరుతో మూల చూపించాడు. పైకప్పు దాకా అట్టపెట్టెలు. "వేసినవే పోవడం లేదు వదినా. ఇంకోసారి ఎవడేస్తాడు?"

ఇద్దరి ఏడుపూ ఆపడానికి ఒక్క మాటనే చెరి సగం పంచింది ఆవిడ. ఆ మాటలో వాళ్ళు ఎదిగారు, ఆవిడ చెరిగిపోయింది.

ఇంక జరిగింది రాయాలి. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో కూడా.

వార్డులో అప్పుడే లైట్లు వేశారు. ఆయనకి చూపు ఆనడం లేదు. "వ్యాను వచ్చిందా?" అన్నాడు. బ్యాండు రోజుల్లో సామాను ఎక్కించే వ్యాను. "వచ్చింది" అంది ఆవిడ. "వాళ్ళిద్దరూ?" "కింద ఉన్నారు, వస్తున్నారు." గాలిలో చేత్తో తడిమాడు. ఆవిడ తన చెయ్యి అందించింది. "జులపాలా?" అన్నాడు. ఆవిడ ఔనన్నట్టు చెయ్యి నొక్కింది. "తీగా?" అన్నాడు. మళ్ళీ నొక్కింది. "పెద్ద డ్రమ్ము చివర ఎక్కించండ్రా. ముందెక్కిస్తే దించేటప్పుడు చస్తాం" అన్నాడు. అంతే, ఇంక మాట లేదు.

అందులో ఆవిడ లేదు. కూతురూ లేదు. అంతకాలం కాపురం చేస్తే, చివరికి పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఆయనకి తెలీలేదు. ఈ మాట తండ్రి కోసం పరిగెత్తుకొచ్చిన పిల్లకి ఏ నోటితో చెప్పాలి? అందుకే "ఏమీ అనలేదు" అంది.

ఇంతవరకూ రాసి, కూతురి చేతికిచ్చింది ఆవిడ. కూతురు నిలబడే చదివింది. చివరికొచ్చేసరికి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"నన్ను తలుచుకోలేదా?"

"లేదమ్మా."

"నిన్ను?"

"లేదు."

కూతురు ఈసారి "సరేలే" అనలేదు. నమ్మింది. ఇన్నాళ్ళూ "పాట ఆపకు" అన్న నాన్న ఒకడు, పుస్తకంలో అయినా, ఉండేవాడు. ఇప్పుడు వాడూ పోయాడు. బల్ల మీద తల వాల్చి, ఆయన అప్పుడే పోయినట్టు ఏడ్చింది. ఆవిడ వీపు నిమిరింది. ఓదార్చడానికి ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

ఆ చెయ్యి నాది.

ఇట్లు,
బ్యాండు వాళ్ళందరూ చిట్టివదిన అని పిలిచిన మనిషి, వయసు అరవై ఏడు. ప్రస్తుతం ఉంటున్నది బస్సు డిపో వెనక, ఇస్త్రీ కొట్టు మీది గదిలో, కూతురి దగ్గర.